చేతిలో పేలిన నాలుగో సీసా

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ లా స్కూల్లో టార్ట్స్ (ఒకరి వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం గురించిన చట్టం) క్లాసులో కూర్చున్న ఎవరికీ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి రోజర్ ట్రేనర్ పేరు పరిచయం చెయ్యక్కర్లేదు. ఆయనా ఇక్కడి విద్యార్థే. 1900లో యూటాలోని పార్క్ సిటీలో పుట్టి, ఇక్కడ రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, 1927లో లా పట్టా అందుకుని, ఇక్కడే పాఠాలు చెప్పారు. సొంత సబ్జెక్టు పన్నులు. 1930లలో కాలిఫోర్నియా తెచ్చిన అమ్మకం పన్ను, ఆదాయపు పన్ను చట్టాల ముసాయిదాల్లో ఆయన చెయ్యి ఉంది.

ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుకి గవర్నర్ పేరు చెప్పినంత మాత్రాన సరిపోదు. ముగ్గురు సభ్యుల కమిషన్ ఒప్పుకోవాలి, తర్వాత ఎన్నికల్లో ఓటర్లు ‘ఉండొచ్చు’ అనాలి. 1940లో గవర్నర్ ఓల్సన్ మొదట పంపిన పేరు బర్క్‌లీ ప్రొఫెసర్ మాక్స్ రాడిన్‌ది. కమిషన్ కాదంది. ఆ ఖాళీలోకి ట్రేనర్ వచ్చారు. అప్పటిదాకా ఏ కోర్టులోనూ జడ్జిగా కూర్చోలేదు.

1944లో వచ్చిన ఎస్కోలా కేసు ఇది. హోటల్లో పనిచేసే ఒకామె పెట్టెలోంచి కోకాకోలా సీసాలు తీసి ఫ్రిజ్‌లో సర్దుతోంది. మూడు సర్దింది. నాలుగోది పెట్టె నుంచి 18 అంగుళాలు జరిగిందో లేదో, చేతిలోనే పేలింది. అరచేతిలో ఐదంగుళాల లోతైన గాయం, రక్తనాళాలు, నరాలు తెగిపోయాయి. ఆ పెట్టె అప్పటికి 36 గంటలకు పైగా కదలకుండా ఉంది. సీసా పేలిన తీరే కంపెనీ అజాగ్రత్తకి సాక్ష్యమని మెజారిటీ తేల్చింది. ట్రేనర్ తీర్పుతో ఏకీభవిస్తూనే విడిగా రాశారు: అజాగ్రత్త ఉందా లేదా అని వెతకడమెందుకు? సీసా ఎలా తయారైందో కొన్నవాళ్లకి తెలిసే దారి లేదు. తయారీదారైతే బీమా చేసుకుని, ఆ ఖర్చుని ధరలో కలిపి అందరికీ పంచగలడు.

విడిగా రాసిన అభిప్రాయం చట్టం కాదు. అది చట్టం కావడానికి 1963లో గ్రీన్‌మన్ కేసు రావాలి. రంపంగా, డ్రిల్లుగా, లేత్‌గా పనికొచ్చే షాప్‌స్మిత్ యంత్రం అది. బిగింపు స్క్రూలు చాలనివి కావడంతో, మామూలు అదురుకే టెయిల్‌స్టాక్ (చెక్కని ఒక చివర పట్టి ఉంచే భాగం) వెనక్కి జరిగింది. తిరుగుతున్న చెక్క ఎగిరి గ్రీన్‌మన్ నుదుటికి తగిలింది. పదిన్నర నెలల తర్వాత నోటీసిచ్చారు కాబట్టి వారంటీ దావా చెల్లదని కంపెనీ వాదన. ఇది కాంట్రాక్టు గొడవే కాదని ట్రేనర్ ఆ అడ్డు తీసేశారు: లోపమున్న సరుకుతో గాయమైతే తయారీదారుదే బాధ్యత. ఈసారి ఏడుగురు జడ్జీలదీ ఒకే మాట. మన దేశంలో ఇదే బాట 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆరో అధ్యాయంలో కనిపిస్తుంది.

వేర్వేరు జాతులవాళ్ల పెళ్లిళ్లపై నిషేధాన్ని 1948లో పెరెజ్ కేసులో 4-3తో కొట్టేశారు. అమెరికా సుప్రీంకోర్టు ఆ పని చేసింది 1967లో. ఎస్కోలా నుంచి గ్రీన్‌మన్‌కి పట్టినట్టే, ఇక్కడా 19 ఏళ్లే!

నా లెక్కలో వీటికంటే కష్టమైనది కహాన్ కేసు (1955). పోలీసులు అక్రమంగా సేకరించిన సాక్ష్యం కూడా చెల్లుతుందని 1942లో రాసింది ట్రేనరే. ఇళ్లలో దొంగచాటుగా మైకులు పెట్టిన ఈ కేసులో తన మాటనే తిరగరాశారు. పోలీసుల్ని అదుపులో పెట్టే ఇతర మార్గాలేవీ పనిచెయ్యలేదన్నది కారణం. మన సుప్రీంకోర్టు మాత్రం 1973లో పూరణ్‌మల్ కేసులో అలాంటి సాక్ష్యాన్ని ఆ ఒక్క కారణంతో తోసెయ్యనక్కర్లేదంది.

1964లో చీఫ్ జస్టిస్ అయ్యి 1970లో దిగారు. మళ్లీ సుద్దముక్క పట్టారు గానీ, అది శాన్‌ఫ్రాన్సిస్కోలోని హేస్టింగ్స్ లా కాలేజీలో. బర్క్‌లీవాళ్లకి ఆ క్లాసులు దక్కలేదు.