మైటోకాండ్రియా లేకపోయినా బండి లాగించేస్తున్న జీవులు

నిద్రలో లేపి అడిగినా అందరూ చెప్పే బయాలజీ ముక్క ఒకటుంది కదా, మైటోకాండ్రియా అంటే కణానికి శక్తి కేంద్రం అని. దాంతో అది లేకపోతే కణం పని అయిపోయినట్టే అనిపిస్తుంది, కానీ బ్యాక్టీరియాకి అసలు మైటోకాండ్రియానే లేదు, అయినా మనకన్నా వందల కోట్ల ఏళ్ళ ముందు నుంచి హాయిగా ఉన్నాయి.

వాటికి ఆ పని చేసిపెట్టేది ఒంటి చుట్టూ ఉన్న పొరే. తిన్నదాంట్లోంచి లాగిన ఎలక్ట్రాన్లు ఆ పొరలోని ప్రోటీన్ల మధ్య చేతులు మారుతూ పోతుంటాయి, ఆ ఊపుతో ప్రోటీన్లు ప్రోటాన్లని బయటికి తోస్తాయి, అక్కడ పోగుపడ్డ ప్రోటాన్లు ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమ్ గుండా మళ్ళీ లోపలికి వస్తూ శ్రీశైలంలో నీళ్ళు టర్బైన్ని తిప్పినట్టు దాన్ని నిజంగానే గిరగిరా తిప్పుతాయి, తిరిగితే ఏటీపీ, అంటే కణం ఏ పనికైనా ఖర్చు పెట్టుకునే శక్తి అణువు, రెడీ. 1961లో పీటర్ మిచెల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ మాటంటే చాలామంది నమ్మలేదు, 1978లో నోబెల్ వచ్చింది. (ఆ ఏటీపీని 1929లో కండరంలోంచి బయటికి తీసినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, పాఠాల్లో ఈ సంగతి ఎందుకు చెప్పరో మరి.) మన మైటోకాండ్రియా లోపలి పొర మీద జరిగేదీ ఇదే, ఎందుకంటే అదీ ఒకప్పుడు బ్యాక్టీరియానే, ఇంకో కణంలో చేరి అక్కడే సెటిలైపోయింది.

ఇక పెరుగులో ఉండేవి ఇంత హంగామా కూడా పెట్టుకోవు. గ్లూకోజ్‌ని సగంలో విరిచి లాక్టిక్ యాసిడ్ చేసి వదిలేస్తాయి, ఒక గ్లూకోజ్‌కి 2 ఏటీపీ, అంతే. ఆక్సిజన్‌తో పూర్తిగా కాలిస్తే దాదాపు 30 వస్తాయి. చూడ్డానికి దండగ బేరమే గానీ గిన్నెడు పాలు ముందుంటే పొదుపెందుకు, గబగబా తిని పెరగడమే, పైగా ఆ పులుపుకి పోటీకొచ్చేవి చాలావరకు తట్టుకోలేవు. ఈస్ట్ ఇంకా విడ్డూరం, మైటోకాండ్రియా ఉండి, ఆక్సిజన్ ఉండి కూడా చక్కెర దండిగా దొరికితే ఆల్కహాల్ చేస్తూ కూర్చుంటుంది.

2016లో అయితే చించిల్లా అనే ఎలుక జాతి జంతువు పేగులోంచి తీసిన మోనోసెర్కోమోనాయిడీస్ అనే ఏకకణ జీవిలో మైటోకాండ్రియా ఆనవాలు కూడా లేదని తేలింది. దానికి న్యూక్లియస్ ఉంది, అంటే బ్యాక్టీరియా కాదు, మన వైపు జీవే!

మన కడుపు పాడుచేసే ఎంటమీబా, జియార్డియా అనే ఏకకణ జీవులది మధ్యరకం. మైటోసోమ్ అని చిన్న అవశేషం మిగిలింది, అది ఏటీపీ చేయదు. ఇవి పేగులో గ్లూకోజ్‌ని విరిచాక వచ్చిన పైరువేట్ నుంచి ఎలక్ట్రాన్లు తీసి ఫెరెడాక్సిన్ అనే ప్రోటీన్‌కి అందిస్తాయి. మోషన్స్‌కి డాక్టర్లు రాసే మెట్రోనిడజోల్ దెబ్బ కొట్టేది సరిగ్గా ఇక్కడే, ఆ ఎలక్ట్రాన్లు పడేదాకా అది మామూలు మందు, పడ్డాక విషమై ఆ క్రిమి డీఎన్ఏనే చీల్చేస్తుంది. మన కణాల్లో ఎలక్ట్రాన్లు అంత తేలిగ్గా దాని మీద పడవు కాబట్టి మనం బతికిపోతాం. చిగుళ్ళు వాచినప్పుడు పళ్ళ డాక్టర్ కూడా ఇదే టాబ్లెట్ రాస్తుంటారు, అక్కడ సందుల్లో చేరేవీ ఆక్సిజన్ పడని బ్యాక్టీరియానే.