నూగు రాలకముందే: గేమ్ బాంటం పిల్లలతో నా అనుభవం

గుడ్లు ఇచ్చిన మిత్రుడు మూడు రకాల గేమ్ బాంటం కోళ్లు, అంటే పందెం కోళ్ల జాతికి చెందిన పొట్టి కోళ్లు, పెంచుతున్నాడు. ఓల్డ్ ఇంగ్లిష్ గేమ్‌లో బ్లాక్ రెడ్, వీటెన్ రంగులవి రెండు రకాలు, మోడరన్ గేమ్‌లో బిర్చెన్ రంగుది ఒకటి. ఏ గుడ్డు ఏ జంటదో పెన్సిలుతో రాసి ఇచ్చాడు. ఇల్లు చేరేసరికి ఆ రాతలన్నీ చెరిగిపోయాయి. పన్నెండు గుడ్లూ ఒకేలా ఉన్నాయి. వాటిని అలాగే ఇంక్యుబేటర్‌లో పెట్టాను.

కోడిగుడ్డుకు 21 రోజులని లెక్క వేసుకుని నిశ్చింతగా ఉన్నాను. బాంటం గుడ్లు తరచు ఒక రోజు ముందే పిల్లలవుతాయి. 19వ రోజు రాత్రి మొదటి పెంకు చిట్లింది. వేడి 37.5 డిగ్రీల దగ్గరే ఉంచి, 18వ రోజునే తేమను 65 శాతం దాటించి ఉండటం మంచిదయింది. లేకపోతే పొర ఎండి పిల్లకు అతుక్కుపోయేది. మర్నాడు సాయంత్రానికి తొమ్మిది పిల్లలు బయటికి వచ్చాయి. తొందరపడి తీయలేదు. కడుపులోకి చేరిన పచ్చసొన పిల్లకు రెండు రోజుల దాకా ఆహారం. ఆ వ్యవధిలో నూగు పూర్తిగా ఆరనివ్వాలి.

ఆరాక ఒక్కొక్కదాన్నీ అరచేతిలో పెట్టుకుని చూశాను. నాలుగింటికి నడినెత్తి నుంచి తోక దాకా ముదురు గోధుమ పట్టీ, దానికి అటూ ఇటూ లేత గీతలు. అచ్చం ఉడుత వీపే. కంటి వెనక కాటుక దిద్దినట్టు సన్నటి చార. ఇవి బ్లాక్ రెడ్ పిల్లలు. మూడు మీగడ రంగులో ఉన్నాయి, వీపు మీద చారలు లేవు, ఒకదానికి మాత్రం నెత్తి మీద చిన్న గోధుమ చుక్క ఉంది. ఇవి వీటెన్. మిగిలిన రెండూ నల్లగా, కాళ్లు కూడా నల్లగా ఉన్నాయి. బిర్చెన్ అనుకున్నాను. రెండో వారంలో అవి తక్కిన పిల్లల పక్కన కాళ్లు, మెడ సాచి నిటారుగా నిలబడ్డాక ఆ అనుమానం తీరింది. ఇంగ్లండులో 1835 నాటి చట్టం కోడిపందేలను నిషేధించాక, ప్రదర్శనల కోసమే పెంపకందార్లు మోడరన్ గేమ్ అనే ఈ పొడుగు కాళ్ల జాతిని తీర్చిదిద్దారు. ఆ తీరు పసితనంలోనే బయటపడుతుంది.

బ్లాక్ రెడ్ పుంజు, వీటెన్ పుంజు ఎదిగాక దాదాపు ఒకేలా ఉంటాయి. రెండింటికీ నల్లని రొమ్ము, డేగ ఎరుపు మెడ, వీపు. తేడా పెట్టల్లోనే తెలుస్తుంది. పుంజుల విషయంలో సులువుగా తేల్చగలిగేది నూగు ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే. పొరపాటున ఒకదాని బదులు మరొకదాన్ని జత కట్టిస్తే తర్వాతి తరం పెట్టల రంగులు కలగాపులగం అవుతాయి. అందుకే చారల పిల్లలకు పచ్చ దారం, మీగడ పిల్లలకు ఎర్ర దారం కాలికి వదులుగా కట్టాను. కాలు రోజురోజుకీ లావవుతుంది కాబట్టి రెండు రోజులకోసారి విప్పి మళ్లీ కట్టాలి. ఒకసారి నాలుగు రోజులు ఆలస్యం చేస్తే ఒక పిల్ల పాదం వాచింది. దారం కోసి చూస్తే చర్మం మీద గాడి పడి ఉంది. ఆ తర్వాత రోజూ చూడటం మానలేదు.

పెంపకంలో నన్ను బాగా బాధించింది మొదటి ఉదయం. పెద్ద జాతి పిల్లలకు వాడే నీళ్ల గిన్నెనే పెట్టాను. లోతు రెండు వేళ్లే. చారల పిల్ల ఒకటి అందులో పడి చనిపోయింది. బొటనవేలంత పిల్లకు అది చెరువు. ఆ పూటే గిన్నె నిండా గులకరాళ్లు పోశాను. ముక్కు తడిసేంత నీరు చాలు.

మరో తప్పు, పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలో, అంటే బ్రూడర్‌లో, అడుగున నున్నటి కాగితం పరచడం. నల్ల పిల్లల్లో ఒకదాని కాళ్లు జారి, రెండు పక్కలకీ చాచుకుపోయాయి. కట్టు గుడ్డను సన్నగా కత్తిరించి, నిలబడేంత ఎడం ఉంచి రెండు కాళ్లనూ కలిపి కట్టాను. కాగితం తీసి గరుకు గుడ్డ వేశాను. మొదటి రోజు బోర్లా పడుతూనే ఉంది. నాలుగో రోజు కట్టు విప్పితే నడిచింది. ఆ నడక చూసిన సంతోషం ఇప్పటికీ తాజాగానే ఉంది.

వేడి మొదటి వారం 35 డిగ్రీలు, ఆపైన వారానికి మూడేసి తగ్గించాను. ఇంత చిన్న ఒళ్లు త్వరగా చల్లబడుతుంది కాబట్టి థర్మామీటర్ కన్నా పిల్లలనే ఎక్కువ నమ్మాను. దీపం కింద గుంపుగా ముడుచుకుంటే చలి, ముక్కులు తెరిచి అంచులకు పారిపోతే ఉక్క. పిల్లలకు మొదట్లో పెట్టే స్టార్టర్ మేత రవ్వలా నలిగి ఉంటేనే తినగలిగాయి. మూడో వారం నుంచి రక్తపారుడు భయం ఉంటుంది, కాబట్టి తడిసిన పొట్టును ఏ పూటకాపూట మార్చాను.

అదే వారంలో రెండు పిల్లలు మెడ నూగు నిక్కబొడుచుకుని ఎదురెదురుగా నిలబడ్డాయి. గేమ్ జాతికి అది సహజం. రక్తం కనిపించనంత వరకూ కలగజేసుకోలేదు. పుంజులు తేలాక మాత్రం దేని గూడు దానికే.

ఇప్పుడు వాటికి ఐదు నెలలు. పక్కపక్క గూళ్లలో రెండు ఎర్ర పుంజులు కూస్తున్నాయి. ఈకల్ని బట్టి ఏది ఏదో నేను చెప్పలేను. ఒకదాని కాలికి పచ్చ వలయం, ఇంకోదానికి ఎర్ర వలయం. ఎర్ర వలయం పుంజును నిన్ననే వీటెన్ పెట్టల దగ్గరికి వదిలాను.