ఏమైందని అడగడం మానేశాక

మా వాడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదివేవాడు. దసరా సెలవులకు నల్లగొండ వచ్చి, మళ్ళీ పోనన్నాడు. ఎందుకని అడిగితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. కంచంలో సగం అన్నం అట్లాగే ఉండేది, ఎంత ఉక్కపోసినా తలదాకా దుప్పటి కప్పుకునేవాడు. "ఏమైంది కొడుకా, చెప్పు" అని నేను పొద్దస్తమానం అడిగేదాన్ని. మా అత్తమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఆమె భయం ఆమెది, నేను తప్పు పట్టను. కానీ అట్లా నెల గడిచిపోయింది.

ఒక రాత్రి "నేను లేకపోతే మీకు ఖర్చన్నా తగ్గుతది" అన్నాడు. నా కాళ్ళ కింద భూమి కదిలినట్టయింది. అంగన్‌వాడీ మీటింగులో రాసుకున్న 14416 నంబరు గుర్తొచ్చి చేశాను. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ, 2022 అక్టోబర్‌లో మొదలైంది. పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు. పిల్లవాణ్ణి ఒంటరిగా వదలొద్దని, ఇంట్లో ప్రమాదమయ్యే మందులేవున్నా తాళం వేసి పెట్టమని, తెల్లారగానే సైకియాట్రీ డాక్టర్‌కు చూపించమని చెప్పారు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని చూపించాం. డిప్రెషన్ అన్నారు. మందులు రాసి, కౌన్సెలింగ్ కూడా కావాలన్నారు.

మందులతో నిద్ర పట్టింది. కౌన్సెలింగ్‌లో మాత్రం మూడుసార్లు పోయినా నోరు విప్పలేదు. అప్పుడే మా చెల్లెలు చెప్పింది, హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ చేసే ఒక మేడం కుక్కను పక్కన పెట్టుకుని పిల్లలతో మాట్లాడతారని. నాకు నమ్మకం కలగలేదు. డాక్టర్‌ను అడిగితే "పోయి రండి, కానీ మందులు ఆపొద్దు" అన్నారు. ఆ మేడం కూడా మొదటి రోజు అదే మాటన్నారు.

ముందు నన్ను చాలా అడిగారు. ఆయాసం ఉందా, వెంట్రుకలు పడవా, చిన్నప్పుడు కుక్క కరిచిందా, వాడికి ఎప్పుడైనా కోపమొచ్చి జంతువును కొట్టాడా. కుక్కకు రేబిస్ టీకాలు వేయించిన కాగితాలు చూపించి, నాతో సంతకం పెట్టించుకున్నారు. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే సైకాలజిస్ట్ దగ్గర జింగిల్స్ అనే కుక్క ఉండేదట. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాడు దానికి దగ్గరవడం చూసి, ఆయన 1962లో దీని మీద వ్యాసం రాశారని చెప్పారు.

వాళ్ళ కుక్క లాబ్రడార్, పేరు రోజీ. మా వాడు తలుపు దగ్గరే కూర్చున్నాడు. ఎవరూ దగ్గరికి రమ్మనలేదు. రోజీ చాప మీద పడుకుంది, మేడం దాని పక్కన నేల మీద కూర్చున్నారు. ఆ రోజు అంతే. తర్వాత నుంచి నన్ను బయట కూర్చోబెట్టేవారు.

నాలుగోసారి పోయి వస్తుంటే, బస్సు చౌటుప్పల్ దాటాక వాడే మొదలుపెట్టాడు. "అమ్మా, రోజీ తల మీద చెయ్యి వేస్తే ఆవులించింది. నిద్రొస్తుందేమో అనుకున్న. మేడం చూడమన్నది. పెదవులు నాక్కుంటుంది, మొహం పక్కకు తిప్పుతుంది. అది టెన్షనంట. చెయ్యి తీసేసి ఊరుకున్న. కాసేపటికి అదే వచ్చి నా మోకాలుకు ఆనుకుని కూర్చుంది."

నేను ఊపిరి బిగబట్టి వింటున్నాను.

"నీకు వద్దనిపిస్తే ఎట్ల తెలుస్తదని మేడం అడిగింది. పళ్ళు బిగుసుకుంటయి, వేళ్ళు చల్లబడతయి అని చెప్పిన. హాస్టల్లో ర్యాంకులు చదివేటప్పుడు రోజూ అట్లనే అయ్యేది."

ఇన్ని నెలల్లో వాడి నోటి నుంచి అన్ని మాటలు రావడం అదే మొదటిసారి. నేను పదే పదే అడగడం కూడా ఆ తల మీద చెయ్యి వేయడం లాంటిదేనని నాకు అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగాను.

ఇంట్లో కుక్కను పెంచుదామా అంటే మేడం తొందరొద్దన్నారు. దానికి జబ్బు చేసినా, చనిపోయినా ఈ పరిస్థితిలో వాడు తట్టుకోలేడని. సంక్రాంతికి దేవరకొండ దగ్గర మా అమ్మవాళ్ళ ఊరికి తీసుకెళ్ళాను. అమ్మవాళ్ళ మేక రెండు పిల్లలను ఈని, ఒకదాన్ని పాలకు రానివ్వడం లేదు. మా వాడు సీసాతో పట్టడం మొదలుపెట్టాడు. తొందరపడితే పొలమారేది, తల కొంచెం ఎత్తి పట్టుకుని ఓపికగా కూర్చుంటేనే తాగేది. దాని అరుపుకు చీకటితోనే లేచేవాడు. నేను లేపకుండా వాడు లేచింది ఆ వారమే.

ఇప్పుడు నల్లగొండలోనే డే కాలేజీలో చదువుతున్నాడు. మందులు డాక్టర్ మెల్లగా తగ్గిస్తున్నారు. బాగోలేని రోజులు ఇంకా ఉన్నాయి. మొన్న పరీక్ష రాసి వచ్చి, దవడ బిగించి, "అమ్మా, ఇప్పుడు ఏమడగకు" అన్నాడు. సరేనని వరండాలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను. అరగంట తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు. చేటలోంచి రెండు రాళ్ళు ఏరి పడేసి, "ఫిజిక్స్ సరిగ్గా రాయలేదమ్మా" అన్నాడు.