ఫిలాసఫీ పీహెచ్‌డీ నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ దాకా: నా అనుభవం

ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక ఎంఏ ఫిలాసఫీలో చేరతానంటే మా బాబాయ్ అడిగిన మొదటి మాట "ఏం రా, ఇక ప్రవచనాలు చెప్తావా?" అని. ఆయన్ని అనడానికేం లేదు, మన దగ్గర చాలామందికి ఫిలాసఫీ అంటే వేదాంతమే. నేను చదవాలనుకున్నది వేరు. ఒక విషయం మనకు తెలుసు అనాలంటే ఏమేం ఉండాలి, సైన్సు చెప్పేదాన్ని ఎందుకు నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి, ఇలాంటివి. హైదరాబాద్‌లో ఇదే దారిలో వెళ్దామనుకునే పిల్లలు ఈమధ్య తరచూ అడుగుతున్నారు కాబట్టి ఉద్యోగం దాకా ఎలా వచ్చానో రాస్తున్నా.

ముందు నెట్, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు అర్హత పరీక్ష. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100, మొత్తం మూడు గంటలు, మైనస్ మార్కులు లేవు. ఫిలాసఫీ సిలబస్‌లో పది యూనిట్లుంటే సైన్స్ ఫిలాసఫీకంటూ విడిగా ఒక్కటి కూడా లేదు. సైన్స్ ఫిలాసఫీలో పెద్ద పేర్లయిన పాపర్‌నీ కూన్‌నీ నమిలి మింగినవాళ్లు కూడా, మన పాత భౌతికవాదులైన చార్వాకులు ఎన్ని ప్రమాణాలు (జ్ఞానం వచ్చే మార్గాలు) ఒప్పుకుంటారో గుర్తుపెట్టుకోవాల్సిందే. లాజిక్ యూనిట్ మాత్రం వదలొద్దు, కష్టపడితే మార్కులు పడేది అక్కడే. నెట్‌లో పై మార్కులొచ్చినవాళ్లకిచ్చే రీసెర్చ్ ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే ఇప్పుడు నెలకు 37,000, ఇంట్లో ఇక ఎవరూ అడ్డు చెప్పరు. నాకు అది రాలేదు, ఉత్త నెట్ వచ్చింది. అందుకని పీహెచ్‌డీ అంతా సెంట్రల్ యూనివర్సిటీల్లో జేఆర్ఎఫ్ లేనివాళ్లకిచ్చే నెలకు 8,000 ఫెలోషిప్ మీదా హాస్టల్ మెస్ మీదా గడిచింది. పుస్తకాలేమో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద.

మా గైడ్ మేడమ్ మొదటి మీటింగ్‌లోనే "వెస్ట్ వాళ్లను మాత్రమే చదివి చాప్టర్ తెస్తే నేను చూడను" అన్నారు. అప్పుడు చిరాకేసింది గానీ ధర్మోత్తరుడు నాకు అలాగే దొరికాడు. 8వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడాయన. దూరంగా ముసురుతున్న ఈగల గుంపును చూసి ఒకడు పొగ అనుకుంటాడు, పొగ ఉంది కాబట్టి అక్కడ నిప్పు ఉందంటాడు. నిజంగానే అక్కడ మాంసం కాల్చడానికి అప్పుడే నిప్పు రాజేశారు, పొగ మాత్రం ఇంకా లేవలేదు. వాడు అన్నది నిజమే, మరి వాడికి తెలిసినట్టా కాదా? 1963లో అమెరికన్ ఫిలాసఫర్ ఎడ్మండ్ గెట్టియర్ మూడు పేజీల పేపర్‌లో అడిగింది కూడా ఇంచుమించు ఇలాంటి ప్రశ్నే, దానికి జవాబులు ఇవాళ్టికీ రాస్తూనే ఉన్నారు.

ఇప్పుడు ఉద్యోగానికి లెక్కేసే మార్కుల సంగతి. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2018 నిబంధనల్లో యూనివర్సిటీ పోస్టుల షార్ట్‌లిస్ట్‌కి వంద మార్కుల టేబుల్ ఉంది. పీహెచ్‌డీకి 30, పీజీకి 25 దాకా, డిగ్రీకి 15 దాకా, టీచింగ్‌కి ఏడాదికి 2 చొప్పున 10 దాకా, రీసెర్చ్ పేపర్‌కి 2 చొప్పున ఇంకో 10 దాకా. అంటే గెట్టియర్ ఆ మూడు పేజీలు పట్టుకుని మన దగ్గరికొచ్చినా 2 మార్కులే! అయితే ఈ టేబుల్ ఇంటర్వ్యూకి పిలవడం వరకే, ఆ తర్వాత ఎంపికంతా ఇంటర్వ్యూ మీదే. అందుకే ఐదు పేపర్లయ్యాక ఆరోదాని కోసం జర్నళ్ల వెంటపడకండి, క్లాసులు చెప్పండి.

నేను గెస్ట్ ఫ్యాకల్టీగా చెప్పాను. గంటల లెక్కన డబ్బులు, అవీ ఎప్పుడొస్తాయో తెలియదు, సెలవుల్లో సున్నా. ఆ టెన్షన్ గురించి రాస్తే ఇంకో పోస్ట్ అవుతుంది. కానీ ఉద్యోగం తెచ్చిపెట్టింది అదే. పీహెచ్‌డీ స్కాలర్లందరికీ యూజీసీ తప్పనిసరి చేసిన రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ కోర్సులో మొదటి భాగం ఫిలాసఫీ, సైన్సు స్కాలర్లకు దాన్ని చెప్పడానికి ఎవరూ ముందుకు రాకపోతే నేను తీసుకున్నా. ఒకరోజు క్లాసయ్యాక ఒక కెమిస్ట్రీ అమ్మాయి ల్యాబ్ నోట్‌బుక్ తెరిచి చూపించింది. మూడు రీడింగులకు పచ్చ ఇంకుతో టిక్కులు, నాలుగోదాని పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం. "సార్, మూడుసార్లు వచ్చింది, నాలుగోసారి రావట్లేదు. ఇప్పుడు నాకు తెలిసినట్టా తెలియనట్టా?" నా థీసిస్‌లో రెండు చాప్టర్లు ఈ ప్రశ్న మీదే, అయినా నిలబడ్డపళంగా జవాబు రాలేదు.

చాలా ఇంటర్వ్యూలు పోయాయి. ఒకచోట వెయిటింగ్ లిస్టులో ఉండగానే నోటిఫికేషన్ రద్దయింది. చివరికి ఉద్యోగమొచ్చిన చోట ప్యానెల్‌లో ఒక సైన్స్ డీన్, కుర్చీలో వెనక్కి వాలి, "మా ల్యాబుల్లో మీకేం పని?" అన్నారు. పాపర్‌తో మొదలుపెట్టకుండా ఆ నోట్‌బుక్ సంగతి చెప్పా. నాలుగోది తేడా వస్తే పరికరాన్ని అనుమానించాలా, సిద్ధాంతాన్నా అని సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ ఒకాయన అందుకున్నారు, ముందు కెమికల్ సీసా మీద తేదీ చూడాలని డీన్ గారు అడ్డం వచ్చారు, ఇక వాళ్లిద్దరే వాదించుకుంటుంటే నేను వింటూ కూర్చున్నా.

చేరాను. జీతం లెవెల్ 10, బేసిక్ నెలకు 57,700. మొదటి సెమిస్టర్‌లో నాకిచ్చింది లాజిక్, దాంతోపాటు ఎథిక్స్ కోర్సు. సైన్స్ ఫిలాసఫీ ఎలెక్టివ్ పెట్టాలంటే సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒప్పుకోవాలి, ఆ ఫైలు ప్రస్తుతం నడుస్తోంది.