మెదక్ చర్చి రంగుటద్దాలు: రెండోసారి వెళ్తే గాని కనబడలేదు

నిన్న రాత్రి మెదక్ నుంచి ఇల్లు చేరాను. అక్కడి చర్చిలో ఉన్న మూడు రంగుటద్దాల కిటికీలను చూడటానికి నాకు రెండు ప్రయాణాలు పట్టాయి. మొదటిసారి జరిగిన పరాభవాన్ని మా ఇంట్లో ఇప్పటికీ తలచుకుని నవ్వుతున్నారు గనుక ముందు దాని సంగతే చెబుతాను.

డిసెంబరు రెండో వారంలో విజయవాడ నుంచి మా బావమరిది కుటుంబం వచ్చినప్పుడు, ఒక ట్రావెల్స్ వారి దగ్గర వ్యాను మాట్లాడాను. ఏడుపాయల వనదుర్గమ్మ దర్శనం, మెదక్ కోట, ఆపైన చర్చి అని వరస చెప్పి, నాలుగింటికల్లా చర్చి ముందు దింపుతామని నమ్మబలికారు. దారి పొడవునా నేను ఊరుకోలేదు. కరవులో పస్తులున్న జనానికి పని చూపించి తిండి పెడుతూ చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ దొర 1914 నుంచి పదేళ్లపాటు ఈ మందిరాన్ని కట్టించాడనీ, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిందనీ, గోపురం ఎత్తు 175 అడుగులనీ, అన్నిటినీ మించి ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన ఆ కిటికీల రంగులు ఒకసారి చూస్తే జన్మలో మరిచిపోలేరనీ ఊదరగొట్టాను.

డ్రైవరు తనకు తెలిసిన హోటలు ముందు భోజనానికని గంటన్నర ఆపాడు. అతనికి అక్కడ భోజనం ఉచితమన్న సంగతి బిల్లు కడుతున్నప్పుడు గాని నాకు తెలియలేదు. చర్చి మెట్లెక్కేసరికి ఆరున్నర అయింది. క్రిస్మస్ పాటల సాధన జరుగుతున్నందున తలుపులు తెరిచే ఉన్నాయి. అయితే కిటికీలు ఉండవలసిన చోట మూడు నల్లని పలకలు నిలబెట్టినట్టు ఉంది. సగం దీపాలే వెలుగుతున్నాయి గనుక మిగిలినవి కూడా వేస్తే రంగులు తేలతాయని నాకు తోచింది. నిచ్చెన మీద నక్షత్రాలు కడుతున్న కుర్రవాణ్ణి పిలిచి, కాస్త లైట్లన్నీ వెయ్యమని అందరికీ వినపడేలా అడిగాను.

“లోపల లైట్లేస్తే కనబడయి అంకుల్, బయట ఎండ ఉండాలె” అన్నాడతను, చేతిలో పని ఆపకుండానే.

ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి, కాంతి పాఠంలో మా పిల్లలు ఒక్క మార్కు కూడా పోగొట్టుకోరని పేరు తెచ్చుకున్నవాణ్ణి నేను. మా ఆవిడ తల పక్కకు తిప్పుకుంది. బావమరిది మాత్రం నల్లని కిటికీ వైపు చాలాసేపు చూసి, “పలక బాగుంది బావగారూ, బలపం ఏదీ?” అన్నాడు. పిల్లలు ఇల్లు చేరేదాకా ఆ మాటే పాటగా పాడారు. మర్నాడు ట్రావెల్స్ వారిని నిలదీస్తే, “చర్చి చూపించాం కదా సార్” అన్నారు. ఊరి పేరు లెక్కలోకి వస్తే చాలు, అక్కడ చూడవలసింది చూశామా లేదా అన్నది వారికి పట్టదు. అందువల్ల మెదక్‌కు ఎవరు వెళ్లినా బస్సులోనే వెళ్లమని చెబుతాను.

ఈసారి ఒక్కణ్ణే సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండులో తెల్లవారుజామున బస్సెక్కి, నర్సాపూర్ అడవి మీదుగా వెళ్లి, ఎండ ఎక్కే వేళకు చర్చి లోపల ఉన్నాను. ఆదివారం ఆరాధన ఉంటుంది గనుక బుధవారం ఎంచుకున్నాను. తూర్పున సిలువ దృశ్యం, పడమట క్రీస్తు జననం, ఉత్తరాన వేదిక వెనుక ఆరోహణం, అంటే క్రీస్తు పరలోకానికి వెళ్లే దృశ్యం ఉన్నాయి. వీటిలో ఆరోహణాన్ని 1927లో, జననాన్ని 1947లో, సిలువను 1958లో అమర్చారు. తూర్పు కిటికీ గుండా వచ్చిన ఎర్రని వెలుగు మరక ఒకటి నేల మీది పలకరాళ్లపై పడి ఉంటే, వంగి దానిలో అరచెయ్యి పెట్టాను. చెయ్యి అంతా కుంకుమలో ముంచినట్టయింది. కొంతసేపటికి ఆ మరక నా చేతిని వదిలి, పక్కన మోకరిల్లిన ఒక ముసలమ్మ తెల్ల చీర కొంగు మీదికి జరిగింది. ఆమె కళ్లు మూసుకునే ఉంది.

జనన దృశ్యానికి పడమటి ఎండ కావాలి గనుక, చెట్టు కింద పులిహోర తిని నాలుగింటిదాకా కాచుకున్నాను. ఉత్తరపు కిటికీకి చలికాలంలో నేరుగా ఎండ తగలదు, అందుకే ఆరోహణం మాత్రం రోజంతా ఒకే తీరుగా వెలుగుతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టి అక్కడున్న ఒక కుటుంబానికి వివరించాను కూడా.

లోపల ప్రార్థన చేసుకునేవారి మధ్య ఫోను తియ్యడం ఇష్టంలేక, బయటికి వచ్చాక కిటికీని ఫొటో తీసి బావమరిదికి పంపాను. పట్టపగలు బయటి నుంచి చూస్తే ఆ అద్దాలు నల్లగానే ఉంటాయన్న సంగతి, నిమిషంలో జవాబు వచ్చాక గాని నాకు తట్టలేదు.

“బలపం ఇంకా దొరకలేదా బావగారూ?”