బండి చేసేటప్పుడు తెలుగు పాఠం

“బండి చేసేటప్పుడు తెలుగు పాఠం వద్దు నాన్నా” అని మా అబ్బాయి ఖరాఖండిగా చెప్పేశాడు. తాను ఊహించుకున్న కారు రూపాన్ని ఇంట్లోనే చిన్న నమూనాగా తయారుచేయాలన్నది వాడి కోరిక. ఆ వంకతో వారాంతాల్లో వాడిచేత నాలుగు తెలుగు మాటలు పలికించాలన్నది నా ఎత్తుగడ.

పద్ధతి దగ్గరా పేచీయే. కంప్యూటర్‌లో గీసి త్రీడీ ప్రింటర్‌కు పంపుదామని వాడన్నాడు. చేత్తోనే చేయాలని నేను పట్టుబట్టాను. 1930 నుంచి 1968 వరకు జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ విభాగం అమెరికాలో నడిపిన పోటీకి కుర్రవాళ్లు మొదట్లో నమూనా గుర్రపు బండ్లను, తర్వాత నమూనా కార్లను ఇళ్లలోనే చెక్కతో, ప్లాస్టర్‌తో చేసి పంపేవారని ఉపన్యాసం కూడా ఇచ్చాను. వాడు ఓపికగానే విన్నాడు.

కారును పక్కనుంచి చూసినట్టు మందపాటి అట్టమీద గీసి, కోసి, వెన్నెముకలా నిలబెట్టాలి. దానికి అడ్డంగా, సమాన దూరాల్లో, ఆయా చోట్ల బాడీ ఎంత వెడల్పుండాలో చూపే అట్టలను బిగించి, నడుమ ఖాళీల్లో థర్మోకోల్ నింపి, చెక్కబద్దకు చుట్టిన ఉప్పుకాగితంతో రుద్దుతూ పోవాలి. అట్ట అంచు సన్నని గీతలా బయటపడగానే అక్కడ చెయ్యి ఆపాలి. ఇంకొక్క రుద్దు రుద్దినా అక్కడ గుంట పడుతుంది. కంటికి ఆనని ఎగుడుదిగుడులు కళ్లు మూసుకొని అరచేత్తో తడిమితే తెలిసిపోతాయి. అయితే దుమ్ము లేచే ఈ పనంతా మాస్కు కట్టుకొని చేయాలి కాబట్టి, తెలుగు సంభాషణకు ఇంతకన్నా పనికిరాని పని మరొకటి ఉండదన్న సంగతి నాకు ముందుగా తట్టలేదు.

పైన ఫైబర్‌గ్లాస్, అంటే గాజుపోగుల గుడ్డ, పరిచేటప్పుడు దాన్ని గట్టిపరిచే జిగురుగా ఎపాక్సీ రెజిన్ వాడాలి. మరో రకమైన పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రవం థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. వాడు తప్పు డబ్బా అందుకోబోతుంటే నేను అరిచాను, అదీ ఇంగ్లీషులో. తెలుగే మాట్లాడాలన్న నియమం పెట్టింది నేనే.

ఇప్పటికి సగం కారే తయారైంది. డిజైనర్లు చేసినట్టే దాన్ని అద్దానికి ఆనించి చూస్తే పూర్తి కారు కనిపిస్తోంది. రెండో సగానికి అవే అట్టలను తిరగేసి గీసుకుంటే చాలునని నేనంటాను. ఫోన్‌తో స్కాన్ చేస్తే తెరమీద క్షణంలో పూర్తవుతుందని వాడంటాడు. నేనింకా ఒప్పుకోలేదు. చేతిపని అబ్బాలనే వద్దంటున్నానా, పని అయిపోతే వాడు తన గదిలోకి వెళ్లిపోతాడనా అన్నది నాకే తేలడం లేదు.