బండి కదలక ముందే బిల్లు

విశాఖపట్నం ఆటోనగర్‌లో మాది బోల్టులు, నట్లు, వాషర్లు, బేరింగులు అమ్మే కొట్టు. నాన్నగారు మొదలుపెట్టిన వ్యాపారం. లెక్కల బాధ్యత నా చేతికి వచ్చి తొమ్మిదేళ్లయింది. 2025 ఫిబ్రవరిలో మా ఆడిటరు గారు ఫోను చేసి, "ఈ ఏడాది మీ టర్నోవరు 5 కోట్లు దాటుతోందమ్మా. ఏప్రిల్ 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పదు" అన్నారు. అంటే జీఎస్టీ ఉన్న వ్యాపారులకు వేసే బిల్లులను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం.

నాన్నగారు నమ్మలేదు. "కొట్టు అమ్మకం నాలుగున్నర కోట్లు దాటలేదు కదా!" అన్నారు. ఆయన చెప్పిన అంకె సరైనదే. కానీ చట్టం కొట్టును చూడదు, పాన్‌ను చూస్తుంది. బ్రహ్మపురంలో మాకు చిన్న శాఖ ఉంది. ఒడిశా కాబట్టి దాని జీఎస్టీ నంబరు 21తో మొదలవుతుంది, ఇక్కడిది 37తో. పాన్ మాత్రం రెండింటికీ ఒక్కటే. అక్కడి అమ్మకాలతో పాటు, ఇక్కడి నుంచి అక్కడికి మేమే పంపుకున్న సరుకు విలువ కూడా టర్నోవరులో కలుస్తుంది. పైగా 2017-18 నుంచి ఏ ఒక్క సంవత్సరంలో 5 కోట్లు దాటినా చాలు, తరువాత వ్యాపారం తగ్గినా ఈ నిబంధన పోదు. మా వీధిలో ఇద్దరు ముగ్గురికి ఈ సంగతి తెలియదని తరువాత మాటల్లో బయటపడింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

2020 అక్టోబరు 1న 500 కోట్లు దాటిన సంస్థలతో మొదలైన ఈ పద్ధతి మెట్టు మెట్టుగా దిగుతూ 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్ల దగ్గరికి వచ్చింది. జరిగే పని పెద్దదేమీ కాదు. మన బిల్లు వివరాలు పోర్టల్‌కు వెళ్తాయి. అది సరిచూసి ప్రతి బిల్లుకూ 64 అక్షరాల గుర్తింపు సంఖ్య, అంటే ఐఆర్‌ఎన్, ఒక క్యూఆర్ కోడ్ ఇస్తుంది. జీఎస్టీ ఉన్న వ్యాపారికి అమ్మినప్పుడు అది లేని కాగితం చట్టం దృష్టిలో బిల్లే కాదు, కొన్నవారు కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్‌కు ముప్పు. మా సరుకు మీద పన్ను 18 శాతం. అంత పన్ను పోగొట్టుకున్న పార్టీ మళ్లీ మా గుమ్మం తొక్కదు. కౌంటర్ దగ్గర జీఎస్టీ లేనివారికి అమ్మేదానికి ఈ పని అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ గురించి నేను భయపడినంత ఏమీ లేదు. మేము లెక్కలకు వాడే టాలీలో ఆ సదుపాయం ఉంది. పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, రెండు రోజులు నమూనా బిల్లులు పంపి చూశాను. అసలు కష్టం పార్టీల పట్టికలో ఎదురైంది. ఏళ్లుగా పేరుకుపోయిన 340 ఖాతాలు. రోజూ సాయంత్రం కొట్టు మూశాక కూర్చుని ఒక్కొక్క జీఎస్టీ నంబరూ జీఎస్టీ వెబ్‌సైటులో వెతికాను. కొన్ని ఎప్పుడో రద్దయిపోయాయి. ఒక భాగస్వామ్య సంస్థ ప్రైవేటు లిమిటెడ్‌గా మారి కొత్త నంబరు తీసుకున్నా, మేము పాత నంబరు మీదే బిల్లు వేస్తున్నాం. పిన్‌కోడ్ గడి ఖాళీగా ఉన్నవైతే లెక్కలేదు. పిన్‌కోడ్‌కూ రాష్ట్రానికీ పొంతన లేకపోతే పోర్టల్ తిప్పి పంపుతుంది.

అలా వెతుకుతున్నప్పుడే యానాం పార్టీ దొరికింది. పడవలు మరమ్మతు చేసే షెడ్డు అది. పిన్‌కోడ్ 533తో మొదలవుతుంది, కాకినాడ వైపు ఊళ్లలాగే. కానీ యానాం పుదుచ్చేరిలో భాగం, రాష్ట్ర కోడ్ 34. మా గుమాస్తా ఖాతా తెరిచేటప్పుడు ఆంధ్రప్రదేశ్ అని పెట్టాడు. రాష్ట్రం దాటే అమ్మకానికి పడే ఐజీఎస్టీ వేయాల్సిన మూడు బిల్లుల్లో, రాష్ట్రంలోపలి అమ్మకానికి పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడ్డాయి. ఏడాదిపాటు ఎవరమూ గమనించలేదు. ఆడిటరు గారు చెప్పినట్లు సరిచేసుకున్నాం కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లోని కంపెనీలది ఇంకో దారి. రాష్ట్రం ఒకటే అయినా సెజ్‌కు అమ్మకం అంతర్రాష్ట్ర అమ్మకం కిందే లెక్క. ఎల్‌యూటీ అనే హామీపత్రం పెట్టుకుంటే పన్ను లేకుండా పంపవచ్చు. దాన్ని ఏటా కొత్తగా పెట్టుకోవాలి. ఖాతాలో సెజ్ అని గుర్తు పెట్టకపోతే బిల్లు మామూలు అమ్మకంగా వెళ్లిపోతుంది.

సరుకుల పేర్ల పని నాన్నగారు తీసుకున్నారు. 5 కోట్లు దాటితే సరుకు రకాన్ని తెలిపే హెచ్ఎస్ఎన్ కోడ్ ఆరు అంకెలు ఉండాలి. మేము అన్నింటికీ 7318 అని నాలుగే వేసేవాళ్లం. బోల్టులు 731815, నట్లు 731816, స్ప్రింగు వాషర్లు 731821, మామూలు వాషర్లు 731822. ఆయన ఒక్కొక్క డబ్బా ముట్టుకుని చెబుతుంటే నేను రాసుకున్నాను. బిల్లు నంబర్లు 001 నుంచి వేసే అలవాటు కూడా మానాల్సి వచ్చింది. సున్నాతో మొదలయ్యే నంబరును పోర్టల్ తీసుకోదు.

అన్నిటికంటే కష్టంగా మారింది వేళ. మాకు ముప్పై ఏళ్ల అలవాటు ఒకటుంది: పొద్దున ట్రాలీ ఆటోలో చీటీ మీద సరుకు పంపడం, సాయంత్రం బిల్లు కొట్టడం. పొరపాటుంటే మర్నాడు దిద్దడం. ఇప్పుడు ఐఆర్‌ఎన్ వచ్చిన బిల్లును పోర్టల్‌లో దిద్దలేం. 24 గంటల్లోపు రద్దు చేయవచ్చు. అయితే దాని మీద సరుకు రవాణాకు తీసిన ఈ-వే బిల్లును ముందు రద్దు చేయాలి, రద్దయిన బిల్లు నంబరును మళ్లీ వాడకూడదు. గడువు దాటితే బిల్లు మొత్తాన్ని తగ్గించే క్రెడిట్ నోటు ఇవ్వాల్సిందే, దానికీ ఐఆర్‌ఎన్ కావాలి. 10 కోట్లు, ఆపైన ఉన్నవారైతే 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు తేదీ తరువాత 30 రోజుల్లో పోర్టల్‌కు ఎక్కించాలి. ఆ గడువు మాకు వర్తించదు. అయినా బండి కదలక ముందే క్యూఆర్ ఉన్న బిల్లు డ్రైవరు చేతిలో ఉండాలని మేము నిర్ణయించుకున్నాం.

ఏప్రిల్ 1న మొదటి బిల్లు పరవాడలోని మందుల కంపెనీకి. ఆటో ఇరవై నిమిషాలు ఆగింది. డ్రైవరు విసుక్కున్నాడు, నాన్నగారు అతనికి టీ తెప్పించారు. ఐఆర్‌ఎన్ వచ్చాక ఆయన తన ఫోనుతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, దానిలోని మొత్తాన్ని బిల్లులోని మొత్తంతో సరిపోల్చుకుని, అప్పుడు బండిని పోనిచ్చారు. ఇప్పటికీ రోజులో మొదటి బిల్లు ఆయనే అలా చూసి పంపుతారు.

బ్రహ్మపురం శాఖ పార్టీల పట్టిక ఇంకా సగమే సరిచేశాను. ఇక్కడి నుంచి అక్కడికి పంపే సరుకుకూ ఈ-ఇన్వాయిస్ కావాలని మొదటి లారీ వేళకు గుర్తొచ్చింది కాబట్టి సరిపోయింది. ఆదివారం రైలుకు వెళ్తున్నాను. అక్కడి ఖాతాలన్నీ ఒక పొడుగు నోటు పుస్తకంలో, ఒడియా లిపిలో ఉన్నాయి.